నాయనమ్మ అసలు వయసెంత? ఆమె బతుకును చరిత్ర పక్కన పెట్టి రాయడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. సూర్యాపేట దగ్గరి పల్లెలో ఉన్న మీ నాయనమ్మకు ఆధార్‌లో పుట్టిన తేదీ 01-01-1935 అని ఉంది. ఇంట్లో వాళ్లేమో ఆమెకు నూరేళ్లు నిండాయంటున్నారు. ఆమెను అడిగితే ఏడాది చెప్పదు. "రజాకార్లప్పుడు మీ పెద్దత్త సంకల ఉన్నది", "మీ నాయిన కడుపుల ఉండంగ తొలిసారి ఓటేసిన" అంటుంది. చేతిలో ఉన్న కాగితాలు రెండే. ఒకటి ఆమె అన్నగారి పాత ఉర్దూ బడి సర్టిఫికెట్, అందులో పుట్టిన నెల 'మెహర్ 1336 ఫసలీ' (ఫసలీ అంటే నిజాం కాలపు సర్కారీ సంవత్సరాల లెక్క). రెండోది మీ నాన్నగారి స్కూలు రికార్డు, అందులో 1-7-1953. ఆమె జీవితం రాసి ఇంట్లో పిల్లలకు ఇవ్వాలని మీ కోరిక. స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఏం చేశావని అడిగితే "ఏమో బిడ్డా, యాదికి లేదు" అనడంతో మీకు నీరసం వచ్చింది.

నేను సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. నల్లగొండ, వరంగల్ వైపు పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల సంగతులు రాసుకోవడం ఎన్నో ఏళ్ల అలవాటు. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను.

ముందు ఆ నీరసం సంగతి. 1947 ఆగస్టు 15న సూర్యాపేట భారతదేశంలో లేదు, నిజాం రాజ్యంలో ఉంది. ఆ రోజు హైదరాబాదులో జెండా ఎగరేసిన స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. పల్లెలో ఉన్న పదహారు, పదిహేడేళ్ల పిల్లకు అది మామూలు శుక్రవారం. ఆమె దేన్నీ మరిచిపోలేదు, మనమే తప్పు తారీఖు పట్టుకుని అడుగుతున్నాం. పాఠ్యపుస్తకంలో ఉన్న పెద్ద తేదీల జాబితా ముందు పెట్టుకుని ముసలివాళ్లను అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఇంతే. తేదీలు వెతుక్కోవడం మన పని. ఆమెను అడగాల్సింది కాన్పులు, కూడు, బట్ట, రూపాయి గురించి. వాటి పక్కకు చరిత్ర దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

అన్నిటికంటే ముందు కాన్పుల వరస రాసుకోండి. "ఎంతమంది పిల్లలు?" అని అడగొద్దు. అలా అడిగితే బతికున్నవాళ్లనో, పెరిగి పెద్దయినవాళ్లనో చెబుతారు. "ఎన్ని కాన్పులయినయి?" అని అడగండి. నలుగురు పిల్లలన్న మనిషే ఏడు కాన్పులంటుంది. ఆ మూడింటి గురించి ఇంట్లో మగవాళ్లకు చాలాసార్లు తెలియను కూడా తెలియదు. పుట్టి పదిరోజుల్లో పోయినవాళ్లు, అమ్మవారు పోసి పోయినవాళ్లు, గత్తరకు (కలరాకు) పోయినవాళ్లు ఉంటారు. ఈ ప్రశ్న మీరు అడగడం కంటే మీ అత్తల్లో ఎవరైనా, వంటింట్లోనో వాకిట్లోనో, మగవాళ్లు లేనప్పుడు అడిగితే మంచిది. ఊళ్లో పెంటయ్య, పెంటమ్మ అనే పేర్లున్నవాళ్లు తగిలితే వాళ్లకు ముందు పుట్టినవాళ్లు పోయారని దాదాపు అనుకోవచ్చు. ఈ బిడ్డయినా దక్కాలని పెంట మీద పడుకోబెట్టి తెచ్చి ఆ పేరు పెట్టేవారు.

వరస వచ్చాక ఒక్కో కాన్పు పక్కన ఆమె చెప్పిన గుర్తు రాయండి. "నాట్లప్పుడు", "పీరీల పండుగకు ముందు", "మీ తాత పట్నం పోయినప్పుడు"... ఏదైనా సరే. ఆమె కాలానికి వెన్నెముక ఇదే. ఆమె ఏ సంవత్సరంలో పుట్టిందో ఆమెకు తెలియకపోవచ్చు. ఏ బిడ్డ కడుపులో ఉండగా ఏం జరిగిందో మాత్రం మరవదు.

ఇప్పుడు మీ దగ్గరున్న ఆధారాలనే ఒక్కొక్కటి చూద్దాం.

అన్నగారి సర్టిఫికెట్ బంగారం లాంటిది, పారేయకండి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని అందరూ అంటారు. అది సగం నిజమే. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరు మొదట్లో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. అంటే 590 కలిపితే వచ్చేది ఆ ఏడాది మొదలైన సంవత్సరం. జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. మెహర్ పదకొండో నెల, సుమారుగా ఆగస్టు. కాబట్టి 'మెహర్ 1336' అంటే 1927 ఆగస్టు ప్రాంతం. 1926 అనుకుంటే ఏడాది తేడా వచ్చేస్తుంది. ఆంధ్ర ప్రాంతపు కాగితాలు చూసేవాళ్లు ఇంకోటి గమనించాలి. అక్కడి ఫసలీ జూలై 1న మొదలవుతుంది. లెక్క అదే, నెలలు వేరు.

అన్న 1927లో పుట్టాడు. మీ నాయనమ్మ అతనికి చెల్లెలు. ఇద్దరి మధ్య ఇంకెవరైనా పుట్టి పోయారా అన్నది తెలిస్తే మన పని సగం అయిపోతుంది. ఎవరూ లేకపోతే 1929, 1930. ఒకరుంటే 1931, 1932. ఆ రోజుల్లో తల్లిపాలు తాగే పిల్ల ఉండగా రెండు, మూడేళ్ల ఎడం మామూలు.

రెండో ఆధారం మీ పెద్దత్త. 1948 సెప్టెంబరు నాటికి చంకలో ఉందంటే ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు పిల్ల. అంటే 1947లోనో 1948 మొదట్లోనో పుట్టింది. ఆధార్‌లో ఉన్నట్టు మీ నాయనమ్మ 1935లో పుట్టి ఉంటే పన్నెండేళ్లకే తల్లయి ఉండాలి. కష్టం. ఇంట్లో వాళ్లన్నట్టు నూరేళ్లయితే తొలి కాన్పు ఇరవై దాటాక. అది అసాధ్యమేమీ కాదు గానీ, అన్నకంటే ఆమె పెద్దదైపోతుంది! పెద్దత్తకు ముందు కాన్పు లేదని తేలితే 1930, 1931 దగ్గర ఆగొచ్చు. ప్రమోదూత, ప్రజోత్పత్తి సంవత్సరాలవి. ఆ మాటలు ఆమె ముందు ఒకసారి పలికి చూడండి. చిన్నప్పుడు ఎవరైనా అని ఉంటే టక్కున పట్టుకుంటుంది.

మీ నాన్నగారి 1-7-1953 గురించి ఒక మాట. మా తరం దాకా తెలుగు పల్లెల్లో జూన్, జూలై నెలల్లో పుట్టినవాళ్లు విపరీతం. బడి తెరిచే రోజున అయిదేళ్లు నిండినట్టు లెక్క కుదరాలి కాబట్టి హెడ్మాస్టరు వేసిన తేదీ అది. చాలాసార్లు ఏడాదో రెండేళ్లో తగ్గించి వేసేవారు, ఉద్యోగం వస్తే ఎక్కువ కాలం చేసుకుంటాడని. పెంచి వేయడం అరుదు. ఈ సంగతి గుర్తు పెట్టుకుని ఓటు ముచ్చటకు రండి.

తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఈ ప్రాంతంలో పోలింగు జరిగింది 1952లో. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు గెలిచిన ఎన్నిక. మీ నాన్న కడుపులో ఉండగా ఓటేసిందంటే ఆయన 1952లో పుట్టి ఉంటారు. రికార్డు కంటే ఒక ఏడాది పెద్ద. సరిగ్గా కుదిరింది. 1957 ఎన్నిక అయ్యే అవకాశం లేదు, రికార్డులో నాలుగేళ్లు పెంచి వేసే హెడ్మాస్టరు నాకెక్కడా తగల్లేదు. అప్పట్లో ఓటుకు 21 ఏళ్లు నిండాలి (18కి దించింది 1989లో), ఆమెకు లెక్కప్రకారం నిండి ఉండకపోవచ్చు. దాని గురించి టెన్షన్ పడకండి. పుట్టిన తేదీ కాగితం ఎవరికీ లేని రోజుల్లో జాబితా రాసేవాడు చూపుతోనే వయసు వేసేవాడు. పెళ్లయి పిల్లతల్లి అయిన మనిషికి 21 అని రాయడం వింత కాదు.

ఓటు గురించి ఇంకా అడగండి. "డబ్బాలు ఎన్ని ఉన్నయి?" అనండి. మొదటి రెండు ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది. ఓటరు కాగితం మీద ముద్ర వేసే పని లేదు. తనకు కావలసిన పెట్టెలో చీటీ వేసి రావడమే. 1962 నుంచి కాగితం మీద గుర్తు చూసి ముద్ర వేయడం వచ్చింది. ఆమె పెట్టెల వరస గురించి చెబితే అది నిజంగా ఆ తొలి ఓట్ల జ్ఞాపకమే. కాంగ్రెస్ గుర్తు కూడా మంచి గడియారం. కాడెద్దులంటే 1967 దాకా. ఆవు, దూడ అంటే 1971 నుంచి 1977 దాకా. చెయ్యి అంటే 1978 నుంచి. "చేతిగుర్తుకు తొలిసారి వేసినప్పుడు మా చిన్నదాని పెండ్లి" అంటే ఇక ఏడాది అడగక్కర్లేదు.

పెద్దత్తకూ మీ నాన్నకూ మధ్య నాలుగున్నర, అయిదేళ్ల ఎడం కనిపిస్తోంది. అక్కడ ఒక కాన్పు దాగి ఉండొచ్చు. 1949, 1950 ప్రాంతం. ఆ సంవత్సరాల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీరు రాయబోయే పుస్తకానికి గుండెకాయ అక్కడే ఉంది.

రజాకార్ల కాలమని అందరూ ఒకే ముద్దగా చెప్పేస్తారు. నిజానికి అందులో మూడు వేర్వేరు కాలాలున్నాయి. మొదటిది దొర కాలం. వెట్టి, నాగులు (వడ్డీకి ఇచ్చే ధాన్యం అప్పులు), అక్రమ వసూళ్లు, యుద్ధం రోజుల్లో సర్కారు బలవంతంగా తీసుకునే లెవీ ధాన్యం. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభ తర్వాత పల్లెల్లో కమ్యూనిస్టుల నాయకత్వంలో 'సంఘం' పెట్టారు, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయాడు. రెండోది 1947, 1948. ఖాసిం రజ్వీ రజాకార్లు, నిజాం పోలీసు ఒకవైపు, సంఘపు దళాలు ఇంకోవైపు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత ఆ కాలం చివరిది. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. మీ ఊరికి సైన్యం వచ్చింది బెజవాడ వైపు నుంచి. కోదాడ, మునగాల మీదుగా వచ్చే సైన్యాన్ని ఆపడానికి నిజాం బలగాలు వెనక్కి పోతూ సూర్యాపేట దగ్గర మూసీ వంతెన పేల్చేశాయి. ఆ చప్పుడు గురించి అడగండి, చుట్టుపక్కల పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లకు అది వాళ్ల ఇంటి ముచ్చట.

మూడో కాలం ఆ తర్వాతది. పుస్తకాలు సెప్టెంబరు 17తో ముగుస్తాయి గానీ నల్లగొండ పల్లెలకు అది ముగింపు కాదు. కమ్యూనిస్టులు పోరాటం ఆపింది 1951 అక్టోబరులో. ఈలోగా మూడేళ్లు సైన్యం, పోలీసు క్యాంపులు. పగలు వీళ్లొచ్చి 'రాత్రి అన్నం ఎవరికి పెట్టారు' అని కొట్టడం, రాత్రి వాళ్లొచ్చి అన్నం అడగడం. "మిల్ట్రీ మంచిదా చెడ్డదా" అని అడిగితే ఆమెకు జవాబు ఉండకపోవచ్చు. ఒకే మనిషి రజాకార్ల నుంచి కాపాడిన మిల్ట్రీనీ, తన మరిదిని చెట్టుకు కట్టి కొట్టిన మిల్ట్రీనీ ఒకే ముచ్చటలో చెబుతుంది. రెండూ రాయండి. ఏది సరైనదో తేల్చబోకండి.

ఈ మూడు కాలాలు విడదీయడానికి నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది. "ఆ ఏడు బతుకమ్మ ఆడిండ్రా?" 1948లో పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, అక్టోబరు మొదట్లో వచ్చింది. అంటే నిజాం లొంగిపోయిన రెండు వారాలకు. కొన్ని ఊళ్లలో ఆ ఏడు చెరువు కట్ట నిండా ఆడామంటారు. కొన్ని ఊళ్లలో ఇళ్లు కాలిపోయి ఉన్నాయి, పువ్వు తెంపడానికి చేను దాకా పోవడానికే భయం, వాకిట్లో పేర్చి మొక్కి ఊరుకున్నామంటారు. అంతకు ముందు ఏడాది, తర్వాతి ఏడాది సంగతి కూడా అడగండి. ఆడవాళ్లకు ఈ పండుగ ఎక్కడ, ఎవరితో, ఏ చీరతో ఆడారో గుర్తుంటుంది. అత్తగారింటి తొలి బతుకమ్మ, పుట్టింటికి వచ్చి ఆడిన బతుకమ్మ, బిడ్డను ఎత్తుకుని ఆడిన బతుకమ్మ... ఇలా ఒక ఆవిడ నాకు తన పదేళ్ల బతుకును వరస తప్పకుండా చెప్పింది. అంతకు ముందు ఆమె కొడుకు "మా అమ్మకు ఏమీ యాదికి లేదు సార్" అన్నాడు.

చంకలో పిల్ల సంగతి కూడా దగ్గరగా అడగండి. ఎక్కడ దాక్కున్నారు? జొన్న చేనా, వాగు ఒడ్డా? పిల్ల ఏడిస్తే ఏం చేసింది? ఎంతసేపు? తిండి ఏం పట్టుకుపోయారు? ఒకావిడ నాతో అన్నది: "కొంగు కుక్కిన నోట్ల. ఊపిరి ఆడుతుందో లేదో అని ముక్కు కాడ ఏలు పెట్టి సూసుకుంట కూసున్న." రజాకార్లు మీ ఇంటికొచ్చారా, ఏం చేశారు అని మీరే అందిస్తే సినిమాల్లో చూసినవి, మీటింగుల్లో విన్నవి కలిపి చెప్పే ప్రమాదం ఉంది. అది అబద్ధం చెప్పాలని కాదు. ఎనభై ఏళ్లుగా విన్న కథలు తన కథలో కలిసిపోతాయి. కొంగు, వేలు, జొన్న కర్రల గరుకు లాంటివి ఎక్కడో విని చెప్పేవి కావు.

పెళ్లి సంగతికి వస్తే, తొలి కాన్పు 1947 చివర అయితే కాపురానికి వచ్చింది 1945, 1946. లగ్గం అంతకు రెండు, మూడేళ్ల ముందు అయి ఉంటుంది. అంటే రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో. హిట్లర్ పేరు ఆమె విని ఉండకపోవచ్చు. "లగ్గం చీర ఎట్ల దొరికింది?" అని అడగండి. ఆ రోజుల్లో బట్టకు కరువు. కంట్రోలు బట్ట, కంట్రోలు కిరసనాయిలు. రేషన్ షాపును మన ముసలివాళ్లు ఇప్పటికీ 'కంట్రోలు' అనేది ఆ యుద్ధం వల్లే. పెళ్లికి కొత్త చీర దొరక్క అమ్మ చీరే కట్టారనో, దొర దగ్గర చీటీ రాయించుకుని తెచ్చారనో చెబితే ఆ ఏడాది మనకు దొరికినట్టే. బాల్య వివాహాలను ఆపిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది గానీ అది బ్రిటిష్ ఇండియాకు. కోస్తా జిల్లాల్లో ఆ తేదీ లోపే అవగొట్టాలని ఉయ్యాల్లో పిల్లలకు కూడా పెళ్లిళ్లు చేశారు. నిజాం ఇలాకాలో ఆ హడావుడి లేదు.

రూపాయి గురించి అడిగేటప్పుడు "ఏ రూపాయి?" అని కూడా అడగండి. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా నడిచేది. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. మునగాల పరగణా మీ పక్కనే ఉన్నా బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లాలో భాగం. హద్దు దాటి సంతకు పోయినవాళ్లకు ఈ మారకం లెక్క నోటి మీద ఉండేది. హాలీ సిక్కా పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లో. అణాలు పోయి నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ నుంచి. కూలి ఎంత అని అడిగితే ఆమె అణాల్లో చెప్పిందా, పైసల్లో చెప్పిందా, గింజల్లో చెప్పిందా అన్నదే ఒక తేదీ. గింజల్లో చెబితే మానికల్లో, సేర్లలో ఎన్నో అలాగే రాసుకోండి. కిలోల్లోకి మార్చకండి.

మీ తాతగారిది గొర్రెల మంద అన్నారు కదా. పండుగకూ చుట్టం వచ్చినప్పుడూ గడీకి (దొర కోటలాంటి ఇంటికి) ఊరికే గొర్రెను ఇచ్చుకోవడం గొల్లల మీద ఉన్న వెట్టి. గొర్రెను ఎవరు ఎంచేవారు? దొర మనిషా, మీ వాళ్లా? మంచిదాన్నే పట్టుకుపోయేవారా? ఇచ్చాక తోలు అయినా తిరిగి వచ్చేదా? 'వెట్టి చేశారా' అని సూటిగా అడిగితే కొంతమంది లేదంటారు, నామోషీ. గొర్రె గురించి అడిగితే అంతా వస్తుంది. భూమి ఏమైనా కౌలుకు చేసి ఉంటే, 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుల రిజిస్టరులో మీ ముత్తాత పేరు ఉందేమో చూడండి. 1954-55 ఖాస్రా పహాణీ నకలు కూడా తీయించండి. ఎవరి పేరు మీద ఎంత భూమి, సాగులో ఎవరు అన్నది అందులో ఉంటుంది. ఆమె చెప్పే "మోదుగు చెట్టు కాడి చెలక" (మెట్ట పొలం) సర్వే నంబరుతో సహా కనిపించొచ్చు. ఒక హెచ్చరిక. ఈ కాగితాలు తీస్తే ఇంట్లో పాత భూమి తగాదాలు లేస్తాయి. అన్నదమ్ములకు ముందే ఒక మాట చెప్పి తీయించండి.

1956 తర్వాతి కాలాన్ని నేనైతే అన్నంతో పట్టుకుంటాను. "రోజూ వరి బువ్వ తినుడు ఎప్పటి నుంచి?" ఆమె చిన్నతనంలో జొన్న గటక, అంబలి, పండుగకు వరి బువ్వ. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబరులో, కాల్వలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. ఎడమ కాల్వ కింద పడ్డ ఊళ్లకూ, పడని ఊళ్లకూ ఆ తర్వాత జాతకాలు వేరయ్యాయి. అదే సమయంలో తైచుంగ్, ఐఆర్-8 లాంటి పొట్టి వరి రకాలు వచ్చాయి. ముసలివాళ్లు ఆ బియ్యం రుచి బాగుండదని తిట్టుకుంటూనే తిన్నారు. కాల్వ కిందకు రాని చెలక ఊళ్లలో రోజూ వరి బువ్వ వచ్చింది 1983లో కిలో రెండు రూపాయల బియ్యంతో. మీ ఊరు ఏ కోవలోదో ఆమె జవాబులోనే తెలుస్తుంది. ఒకే మండలంలో రెండు ఊళ్ల మధ్య పదిహేనేళ్ల తేడా చూశాను నేను. ఇరవయ్యో శతాబ్దంలో మన పల్లెటూరి మనిషి బతుకులో వచ్చిన అతి పెద్ద మార్పు ఏదంటే ప్రభుత్వాలు మారడం కంటే ఈ కంచం మారడమే అని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోయినా పరవాలేదు.

మిగతా దశాబ్దాలకు గుర్తులు చాలా దొరుకుతాయి, త్వరగా చెప్పేస్తాను. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి, లోకం మునిగిపోతుందని భయం. 1969లో తెలంగాణ ఉద్యమం, బడులు మూతబడ్డాయి కాబట్టి మీ నాన్నగారి చదువుతో కలుస్తుంది. 1972 కరువు. ఎమర్జెన్సీలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. 1979 జూలైలో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని భయం, మన పల్లెల్లో ఎలాగూ చస్తామని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నవాళ్లు ఉన్నారు, అప్పులు చేసి మరీ! 1980 ఫిబ్రవరి 16న తెలంగాణ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం, మధ్యాహ్నం దాటాక చీకటి పడి జనం తలుపులు వేసుకున్నారు. గర్భిణులు గడప దాటకుండా కూర్చున్న రోజు కాబట్టి మీ తరం పిల్లల పుట్టుకలు దానితో సరిచూసుకోవచ్చు. తర్వాత సారా మీద ఆడవాళ్ల పోరాటం, 1993 అక్టోబరులో సారా నిషేధం. డ్వాక్రా గ్రూపులో ఆమె సంతకం నేర్చుకుందేమో అడగండి. అరవై దాటాక తొలిసారి పేరు రాసిన వాళ్లను చాలామందిని చూశాను.

ఇది చదివే కోస్తా, సీమ వాళ్లకు గుర్తులు వేరుగా ఉంటాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి, ఊళ్లు ఖాళీ చేసి చుట్టాల పల్లెలకు పోయారు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో 'రంగం' అంటే రంగూన్ నుంచి ఆ ఏడాదే కాలినడకన తిరిగొచ్చిన వాళ్లున్నారు. రానివాళ్లూ ఉన్నారు. ఇంట్లో ఎవరి పేరైనా చెప్పి ఠక్కున ఆగిపోతే అక్కడ ఆగి అడగండి. రాయలసీమలో 1952 ప్రాంతపు గంజి కేంద్రాలు, గోదావరి ఒడ్డున 1953, 1986 వరదలు, దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెన. నదుల దగ్గరి వాళ్లకు పుష్కరాలు కూడా పన్నెండేళ్లకోసారి వచ్చే మైలురాళ్లే. గోదావరికి 1991, 2003, 2015.

ఇక కూర్చోబెట్టి అడిగే పద్ధతి. తొంభై దాటిన మనిషిని పొద్దున పూట, అరగంటకు మించకుండా మాట్లాడించండి. ఫోన్ రికార్డింగ్ పెడుతున్నట్టు ముందే చెప్పండి. చేతిలో ఏదో ఒక వస్తువు ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. కడియాలు, పాత ట్రంకు, సారెలో వచ్చిన ఇత్తడి బిందె. ఆ బిందె అంచు మీద పేరు, ఒక్కోసారి తేదీ కూడా చెక్కి ఉంటుంది, చింతపండుతో తోమి చూడండి. ఆమె చేతి మీది పచ్చబొట్టు ఎవరు, ఎక్కడ, ఏమి తీసుకుని పొడిచారో అడగండి. భుజం మీద టీకా మచ్చ ఉందా? టీకాల వాడొస్తే పిల్లలను గరిసెల్లో (ధాన్యం గాదెల్లో) దాచిన ముచ్చట్లు వస్తాయి. మశూచి చివరి కేసులు మన దేశంలో 1975లో. ఊళ్లో ముఖం మీద స్ఫోటకం మచ్చలున్న ఆఖరి మనిషి ఎవరో ఆమెకు తెలుస్తుంది.

ఆమె ఒకే సంగతి రెండుసార్లు రెండు రకాలుగా చెబితే సరిదిద్దకండి. "మొన్న ఇట్లనలేదు గదా" అన్నారో, ఇక మీరేం అడిగినా "నాకేం యాదికుంటది బిడ్డా" అనే మాటే వస్తుంది. రెండూ రాసుకుని పక్కన తేదీ వేసుకోండి. చెప్పకూడదనుకున్నవి ఉంటాయి, ఉండనివ్వండి. రాసినదంతా ఆమెకు ఒకసారి చదివి వినిపించి, తీసేయమన్నవి తీసేయండి. బతికున్న వాళ్ల పేర్లతో ఉన్న తగాదాలు, ఎవరి రెండో పెళ్లి, ఎవరి అప్పు ఇంట్లో ప్రతిలో వద్దు.

ఆధార్‌లో తేదీ మార్చే ప్రయత్నం చేయకండి. పింఛను అదే తేదీ మీద నడుస్తోంది, తొంభై అయిదేళ్ల మనిషిని ఆఫీసుల చుట్టూ తిప్పడం దండగ. మీ పుస్తకంలో మాత్రం "1930, 1931 ప్రాంతంలో" అని రాసి, అది ఎలా తేల్చారో కింద రెండు వాక్యాలు పెట్టండి. అన్నగారి ఫసలీ తేదీ, పెద్దత్త వయసు, తొలి ఓటు. మీ మనవలు దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు.

రాసేటప్పుడు ఆమె మాటలు ఆమె యాసలోనే ఉంచండి. లగ్గాన్ని వివాహం చేయకండి, గటకను జావ చేయకండి. తేదీలు, చట్టాల పేర్లు, రావి నారాయణరెడ్డి, సాగర్ కాల్వ మీ మాటల్లో, వేరే పేరాల్లో రాయండి. ఆమె నోట పెట్టొద్దు. ఈ వారం ఫోన్లోనైనా సరే, మీ అత్తతో కాన్పుల వరస ఒక్కటి అడిగించండి. 1949, 1950లలో నేననుకున్న కాన్పు ఉందో లేదో తేలితే ఇక్కడే రాయండి, దాన్నిబట్టి మిగతా లెక్క మళ్లీ చూద్దాం.